బొగోమిర్ మాస్టారి నడుంనొప్పి

బొహిన్ లోయ బడిలో ముప్పై ఆరేళ్లు భూగోళం చెప్పిన బొగోమిర్ మాస్టారి దృష్టిలో స్లొవేనియా దేశమంటే పరుగెత్తుతున్న కోడి. పటం చూసినవాళ్లెవరైనా ఒప్పుకోక తప్పదు. ఆయన నల్లబల్ల మీద ఎత్తిన చేయి దించకుండా కోడిని గీసి, సుద్దముక్కతో దాన్ని అక్కడక్కడా పొడుస్తూ పాఠం మొదలెట్టేవారు.

"ఇదుగో, తూర్పున తల. అది మా వైపు. నేలంతా పెనంలా చదును. గుమ్మడిగింజల నూనె, కరెంటు స్తంభాల మీద కొంగల గూళ్లు. మెడ మీద ద్రాక్షతోటలు. బొజ్జలో బీరుకి చేదు తెచ్చే తీగలు. దాని కిందంతా ఎలుగుబంట్లు తిరిగే అడవి. దేశంలో సగానికి పైగా అడవేరా, రాసుకోండి! పరాయి దేశాల కార్లకి దీపాలూ సీట్లూ కూడా ఈ కోడి కడుపులోంచే వెళతాయి. ఇక తోక కింద ఈకంత సముద్రం. సైకిలెక్కితే పూటలో అయిపోతుంది. అయినా అందులో ఉప్పు పండిస్తాం, రేవు నడుపుతాం, పెద్ద సముద్రజాతిలా మీసం దువ్వుతాం."

"మరి మనమెక్కడున్నాం మాస్టారూ?" అని జవాబు తెలిసినవాడే అడిగేవాడు.

"తోక మొదట్లో!"

బడి కప్పు లేచిపోయేలా నవ్వు.

ఆ తోక మొదట్లోనే త్రిగ్లావ్ కొండ ఉంది. జెండా మీద అదే, చిల్లర నాణెం మీదా అదే. జీవితంలో ఒక్కసారైనా దాన్నెక్కనివాడు సగం మనిషేనని అక్కడివాళ్ల లెక్క. తొలిసారి ఎక్కినవాణ్ణి శిఖరం మీద వంగోబెట్టి, కొండెక్కే తాడుతోనే పిర్రల మీద మూడు దెబ్బలు వేస్తారు. దాంతో మనిషి పూర్తవుతాడు.

మాస్టారు పూర్తవలేదు.

పెనం లాంటి ఊళ్లో పుట్టినవాడికి నిచ్చెన మూడో మెట్టు మీదే కళ్లు తిరుగుతాయి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఊరి హోటల్లో బీరు తాగుతుంటే ఎవరో గేలి చేశారు. "ఏం మాస్టారూ, మీ వైపు ఎత్తయిన చోటంటే కొంగగూడేనట కదా! త్రిగ్లావ్‌ని బొమ్మలోనైనా చూశారా?" రోషం పొడుచుకొచ్చి, "మూడుసార్లు ఎక్కాను" అనేశారు. ఒకసారి చాలదన్నట్టు మూడు!

అబద్ధం ఆడితే అతికినట్టు ఉండాలన్నారు. మాస్టారు జిగురు బాగానే సంపాదించారు. ఏటా సెప్టెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలు కొండెక్కి వస్తారు. వచ్చాక వాళ్లచేత వ్యాసం రాయించి, ఒకరి దగ్గర గాలీ, ఇంకొకరి దగ్గర మబ్బూ, మరొకరి దగ్గర శిఖరం మీది చిన్న ఇనుప బురుజూ ఏరుకుని, మరుసటేడు తన అనుభవంగా చెప్పేవారు. ఆ సెప్టెంబరు ప్రయాణానికి మాత్రం సరిగ్గా ముందురోజు ఆయనకి నడుం పట్టేసేది.

భార్య తిల్కా ఆ లోయ పిల్లే. జున్ను చేసేవాళ్లింట పుట్టి, త్రిగ్లావ్ ఎనిమిదిసార్లు ఎక్కింది. మొగుడిది అబద్ధమని తెలిసినా ముప్పై ఆరేళ్లూ నోరు విప్పలేదు. కానీ ఊరికే వదల్లేదు కూడా. నడుంనొప్పి అన్న మరుక్షణం ఘాటు తైలం సీసా పట్టుకొచ్చి, లేని నొప్పికి కళ్ల నీళ్లొచ్చేదాకా మర్దనా చేసేది.

పదవీ విరమణ సభలో పాత విద్యార్థులు చేరారు. మాస్టారి దగ్గరే చదివి ఇప్పుడు కొండదారి చూపించే పని చేస్తున్న నేజా లేచి, "మాస్టారి చివరి పాఠం త్రిగ్లావ్ మీద!" అంది. చప్పట్లు మోగిపోయాయి. మాస్టారి చెయ్యి దానంతటదే నడుం మీదికి పోయింది.

"భయపడక్కర్లేదు మాస్టారూ," అంది నేజా, "నెమ్మదిగా రెండు రోజుల్లో ఎక్కుదాం. నడుముకి నాదే పూచీ."

ఇంటికొచ్చాక తిల్కా తేల్చేసింది. "ఈసారి తైలం లేదయ్యా. అయిపోయింది."

సీసా నిండా ఉందని ఇద్దరికీ తెలుసు.

మొదటి రోజు సాయంత్రానికి కొండ మీది విడిదికి చేరి, వేడివేడి బార్లీ గంజి తాగారు. మర్నాడు కత్తి అంచులాంటి గట్టు మీద, రాతికి కొట్టిన ఇనపతాడు పట్టుకుని, మాస్టారు లోయా చూడలేదు, ఆకాశమూ చూడలేదు. ముందు నడిచే నేజా బూటు మడమ చూశారంతే. దాని మీది ప్రతి గీతా ఆయనకి కంఠతా వచ్చేసింది.

శిఖరం వచ్చింది. ఇనుప బురుజుంది, గాలుంది, మబ్బుంది. పది మంది పాత విద్యార్థులు రాళ్ల మీద కూర్చుని, మళ్లీ ఎనిమిదో తరగతి మొహాలు పెట్టారు. మాస్టారు గొంతు సవరించుకుని, బురుజు చుట్టూ ఒకసారి తిరిగారు. ఇంకోసారి తిరిగారు.

నేజా దగ్గరికొచ్చింది. "ఏం వెతుకుతున్నారు?"

"ఇక్కడ తూర్పు పక్కన బెంచీ ఉండాలే... పీకేశారా?"

నేజా గొంతు తగ్గించింది. "ఎప్పుడూ లేదండి. అది నా వ్యాసంలో బెంచీ. ఆ రోజు కడుపునొప్పొచ్చి విడిదిలోనే పడున్నా. తోచింది రాసి పారేశా. మరుసటేడు మీరు మా తమ్ముడి తరగతిలో, ఆ బెంచీ మీద కూర్చునే రొట్టె తిన్నానని చెప్పారట."

మాస్టారు బురుజుని పట్టుకున్నారు. "అంటే... ఇరవై నాలుగేళ్లుగా నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెబితే నేనూ ఎక్కలేదని బయటపడదూ? ఆ తర్వాత ఎక్కి దెబ్బలు తిన్నాలెండి." నేజా నవ్వింది. "ఇప్పుడూ చెప్పను. తాడు సంచిలోనే ఉంటుంది. మీరు పాఠం కానివ్వండి."

మాస్టారు ఆ పది మొహాల వంక చూశారు. ఇందులో ఎవరి గాలిని తను దొంగిలించారో, ఎవరి మబ్బునో!

"ఒరేయ్ పిల్లలూ," అన్నారు చివరికి. "పాఠంలో ఒక తప్పుంది, దిద్దుకోండి. మూడుసార్లు ఎక్కానన్నది కొట్టేసి, ఒకటి అని రాసుకోండి. ఈ ఒకటీ ఇవాళ్టిదే." అని గిర్రున వెనక్కి తిరిగి, మోకాళ్ల మీద చేతులాన్చి వంగారు.

పగలబడ్డ నవ్వుకి కొండకాకులు లేచిపోయాయి.

"మరి బెంచీ మీద రొట్టె తినడం మాస్టారూ?" అని ఎవరో అరిచారు.

"రొట్టె నిజమేరా! మా వంటింట్లో తిన్నా."

నేజా సంచిలోంచి తాడు తీసింది. ఒకటి. రెండు. మూడోది గురువనే మొహమాటం కూడా లేకుండా పడింది.

"అబ్బా! నీ వ్యాసానికి ఎన్ని మార్కులేశానే?"

"ఐదుకి ఐదు."

"ఉండనీ. కల్పన బాగుంది," అన్నారు మాస్టారు వంగినట్టే ఉండి. తర్వాత రాయి మీద కూర్చోబోయి, కూర్చోలేక, నిలబడే కోడి పాఠం మొత్తం చెప్పారు. తల నుంచి తోకదాకా వేలితో చూపిస్తూ, మొదటిసారిగా చూసి చెప్పారు. మబ్బు అడ్డొచ్చిన చోట, "అక్కడేముందో నాకు కనబడలేదు" అని కూడా చెప్పారు.

మర్నాడు సాయంత్రం తిల్కా గుమ్మంలోనే నిలబడి ఉంది. నడక చూసింది. లోపలికెళ్లి సీసా పట్టుకొచ్చింది.

"నడుమేనా?"

"కాదు. ఇంకాస్త కింద."

"హమ్మయ్య!" అంది తిల్కా మూత తీస్తూ. "ముప్పై ఆరేళ్లకి ఒక్క నిజం నొప్పి. ఇటు తిరుగు."