కలలో చదువుకున్న వైద్యులు

బిడ్డ పోయాక మా పెద్ద తోటికోడలు అక్క మాట మానేసింది. అన్నం తినదు, పడుకోదు. చెరకు కోతకు వెళ్లి కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోతుంది. అక్క ఇలాగే ఉంటే పిచ్చాసుపత్రికి పంపాల్సిందేనని కూలీల మీద పెత్తనం చేసే ఎస్టేటు సర్దారు తేల్చేశాడు. అక్కడికి వెళ్లినవాళ్లు తిరిగి రావడం మేమెవరం చూడలేదు.

మా అత్తగారు వైద్యుణ్ణి ఎంచేది గొంతును బట్టి. ఎవడు గట్టిగా అరిస్తే వాడే ఘనుడు. ప్లేన్ మాన్యెన్ ఊరి నుంచి వచ్చిన భూతవైద్యుడు ఊరు అదిరేలా కేకలేసి, వేపమండలతో కొట్టాడు. లాల్మతీ ఊరి నుంచి వచ్చిన రెండో ఆయన మా నల్లకోడిని సంచీలో వేసుకుని, దయ్యం అందులో దూరిందన్నాడు. ఆ దయ్యాన్ని ఇంటికెళ్లి కూర వండుకుని ఉంటాడు.

అక్క మొగుడు, మా బావగారు, ఇద్దరినీ ఒకటే అడిగాడు.

"ఎవులి కాడ నేర్సుకున్నారు బాబూ?"

ఇద్దరూ కలలోనే నేర్చుకున్నారట. నాకు ఒళ్లు మండిపోయింది. నిద్రలో చదువు వచ్చేస్తే మా ఆయన మహా పండితుడు అయ్యుండాలి.

రోజ్ బెల్‌లో సంతనాడు మనసు జబ్బులు చూసే డాక్టరు ఉంటాడని విని, బండి కట్టుకుని వెళ్లాం. ఆయన్నీ బావగారు అదే అడిగాడు. ఏ దేశంలో చదివాడో, ఏ ఆసుపత్రిలో ఎవరి కింద పనిచేశాడో ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఆ నెమ్మదికే అత్తగారి మొహం మాడిపోయింది.

మా ఇళ్లలో వైద్యుడు కోడల్ని ఏమడిగినా జవాబు అత్తదే. మా కడుపునొప్పి ఎలా ఉందో కూడా ఆవిడే చెబుతుంది. డాక్టరు అక్క వైపు తిరిగి, ఏం జరిగిందమ్మా అని ఇక్కడి భాషలో "కీ ఫిన్ అరీవే?" అనగానే అత్తగారు అందుకుంది. ఆయన చెయ్యెత్తి ఆపి, మమ్మల్నందరినీ బయటికి పంపేశాడు.

"మనం సెప్పకపోతే ఆడికేటి తెలుస్తాది?" అని అత్తగారు అరుగు మీద రుసరుసలాడింది.

చాలాసేపటికి అక్క కళ్లు వాచిపోయి బయటికొచ్చింది.

"ఏటి మందిచ్చాడే?"

"మందు నేదు. ఏటైందని అడిగాడు, సెప్పాను. మల్లీ వారం రమ్మన్నాడు." ఎన్నాళ్లకో విన్నాం ఆ గొంతు.

"ఓస్, అంతేనా! ఆ మాత్రం మేం ఇనమేటే?"

"నువ్వడగనేదత్తా."

అత్తగారు గబగబా వెళ్లి బండెక్కింది. అది చూసి నాకు లోలోపల సంతోషమే కలిగింది. బండి సగం దారి వచ్చాక ఆవిడ అక్క చెయ్యి పట్టుకుని, "ఏటైందే అమ్మా?" అని అడిగింది.

అక్క తన బిడ్డ పేరుతో చెప్పడం మొదలుపెట్టింది. ఇల్లు చేరాక కూడా ఎవరం బండి దిగలేదు.