రెండో మాస్టరు

మా ఊరి బడికి రెండో మాస్టరును తెప్పించే పని ఒకప్పుడు నాకు అప్పజెప్పారు. దాన్ని నేను ఎంత శ్రద్ధగా పాడుచేశానంటే, ఆ తర్వాత ఏ కమిటీలోనూ ఎవరూ నన్ను ఒక అర్జీ కూడా రాయమనలేదు. ఎలా జరిగిందో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. నాకు ఈమధ్యే కొంచెం కొంచెం వస్తోంది.

మాది బోధన్ దగ్గర చెరుకు పండించే ఊరు. అరవైల మొదట్లో మా బడి అంటే రెండు గదులు, ఐదు తరగతులు, ఒక్క మాస్టరు. ఆయన నర్సింహులు సారు. ఒక గదిలో ఎక్కాలు మొదలుపెట్టించి, రెండో గదిలో వాచకం చదివించి తిరిగి వచ్చేసరికి మొదటి గదిలో పదమూడో ఎక్కం దారి తప్పి ఉండేది. ఆయనకు ఉబ్బసం. చెరుకు బండ్లు నడిచే నాలుగు నెలలూ బాట మీది దుమ్మంతా బడిలోకే వచ్చేది. గట్టిగా మాట్లాడవద్దని డాక్టరు చెప్పాడు. ఐదు తరగతుల మాస్టరుకు చెప్పే మాటేనా అది? అలా ఇంకో రెండేళ్లు అరిస్తే మనిషి మిగలడని మా బడి కమిటీలో అందరికీ తెలుసు.

"రాజన్నా, నువ్వు పేపర్ సదివెటోనివి. గీ పని నువ్వే సూడాలె," అన్నాడు సర్పంచి గంగారెడ్డి.

కమిటీలో దినపత్రిక చదివేది నేనొక్కణ్ణే. అందువల్ల నాకు లోకం తెలుసని వాళ్లు అనుకునేవారు. అంతకంటే ఘోరం, నేనూ అనుకునేవాణ్ణి.

రెండో మాస్టరు రావాలంటే ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు అరవైమంది పిల్లలు బడిలో కనిపించాలి. రిజిస్టరులో అరవై నలుగురున్నారు. కానీ ఇన్‌స్పెక్టరు సరిగ్గా చెరుకు కోతల నడిమధ్యన వస్తున్నట్టు ఉత్తరం రాశారు. కోతలప్పుడు మా పిల్లలు బడిలో ఉండరు. నరికిన చెరుకు కొసలు పశువుల మేతకు మోసుకురావడానికి చేలల్లో ఉంటారు.

"ఎల్లుండికి ఎంతమంది వస్తరు సారూ?" అని అడిగాను.

"ముప్ఫై ఐదు. జరాలు లేకుంటే."

"ఇంటింటికి పోయి చెప్పరాదుండ్రి?"

"చెప్పిన. ఇన్‌స్పెక్టర్ ఆగుతడట గని బర్రె ఆగదట."

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఆ రోజు నాకు జ్వరం వచ్చినా బాగుండేది.

ఏటా దీపావళి వెళ్లగానే మరాఠీ ప్రాంతం నుంచి చెరుకు నరికే ముఠాలు ఎడ్లబండ్ల మీద వచ్చి, మా ఊరి బయట చెరుకాకు గుడిసెలు వేసుకునేవి. హోళీ దాకా ఉండి వెళ్లిపోయేవి. ఆ గుడిసెల్లో బోలెడుమంది పిల్లలు.

"వాళ్లను గూసోవెడదాం," అన్నాను. "వచ్చినాయన తలకాయలు లెక్కవెట్టుకుంటడు. ఏ భాష తలకాయ అని అడుగుతడా?"

గంగారెడ్డి నా వైపు మెచ్చుకోలుగా చూశాడు. నర్సింహులు సారు మాత్రం నేల చూస్తూ, "అబద్ధం గాదా రాజన్నా?" అన్నారు.

"మీ ఛాతీ కోసమే సారూ."

"నా ఛాతీకి దుమ్మే పడదు. అబద్ధం కూడ ఎందుకు?"

నేను వినలేదు. ఎదుటివాళ్లు చెప్పింది వినకపోవడం నాలుగు పుస్తకాలు చదివినవాడికి ఉండే సౌకర్యాల్లో ఒకటి.

గుడిసెల దగ్గర ముఠా పెద్దకు కాస్త తెలుగు వచ్చు. ఒక్కరోజు పిల్లల్ని పంపమని అడిగాను. అతను కొడవలి నూరడం ఆపి నన్ను చూశాడు.

"ఒక్క రోజు బడి? ఒక్క రోజుకి ఏమొస్తది పటేల్?"

అతని పక్కన ఎనిమిదేళ్ల పిల్ల, అతని మనవరాలు శేవంత, చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంది. అది తాత చెవిలో ఏదో అడిగింది.

"పలక ఇస్తరా అంటది."

"ఇస్తం," అన్నాను. ఆ రోజు నేను చెప్పినవాటిలో అదొక్కటే నిజం.

ఇన్‌స్పెక్టరు వచ్చారు. నెమ్మదైన మనిషి. రెండు గదులూ తిరిగి వేలితో లెక్కపెట్టారు. అరవై ఒకటి. శేవంత తమ్ముడు కూడా ఆ లెక్కలో ఉన్నాడు. వాడు అప్పటికి అన్నం తినడమే పూర్తిగా నేర్వలేదు. ఆయన పుస్తకంలో రాసుకున్నారు. గంగారెడ్డి వెనకనుంచి నా చెయ్యి నొక్కాడు. ఆయన చాయ్ తాగి లేచారు. ఇంకో నాలుగు అడుగులు వేస్తే గడప దాటేవారు.

అప్పుడు ఆ పసివాడు ఏడుపు అందుకున్నాడు. శేవంత వాణ్ణి ఒళ్లో వేసుకుని మరాఠీలో సన్నగా జోల పాడింది.

ఇన్‌స్పెక్టరు గడప దగ్గరే ఆగిపోయారు. మాకు తర్వాత తెలిసింది, ఆయనదీ అటువైపు ఊరే. రాష్ట్రాలు విడిపోయినప్పుడు ఆయన ఇల్లు అటు, ఉద్యోగం ఇటు పడ్డాయి. వెనక్కి వచ్చి, ఇస్త్రీ ప్యాంటుతో ఆ పిల్లల మధ్య నేల మీద కూర్చున్నారు. ఏ ఊరని అడిగారు, ఏ నది అని అడిగారు. ఎన్నాళ్లనుంచి బడికి వస్తున్నారని మాత్రం అడగలేదు. ఆ ప్రశ్న నాకోసం దాచుకున్నారు.

"రాజన్న గారూ, ఈ పిల్లలు తమ భాష రాని మాస్టరు దగ్గర ఎన్నాళ్లుగా కూర్చుంటున్నారు?"

పొద్దున తొమ్మిదినుంచి అని చెప్పాలి.

"శానా రోజుల సంది సార్," అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీ అవసరం నాకు అర్థమైంది. మీరు ఇంక అడగక్కరలేదు. నేను చూసుకుంటాను."

చూసుకున్నారు. మాట మీద నిలబడే మనుషుల వల్ల ఎంత నష్టమో నాకు అప్పటిదాకా తెలియదు.

జూన్‌లో ఆర్డరు వచ్చింది. ఆర్డరు వెంటే, ఇనుప పెట్టె, చుట్టచుట్టిన అక్షరాల పటం పట్టుకుని జోషి సారు దిగారు. మరాఠీ మాస్టరు. ఆయనకు తెలుగు రాదు. ఇద్దరం ఉర్దూలో మాట్లాడుకున్నాం.

"పిల్లలేరీ?"

"వస్తారు సార్."

"ఎప్పుడు?"

"దీపావళి తర్వాత."

ఆయన గోడమీది క్యాలెండరు వైపు చూసి, తన పెట్టె మీదే కూర్చున్నారు.

ఇక్కడితో అయిపోయిందనుకుంటున్నారేమో. ఆర్డరులో ఇంకో మాట ఉంది. మరాఠీ తరగతికి వేరే గది ఇవ్వాలట. ఉన్నవే రెండు. కాబట్టి ఒక గదిలో నర్సింహులు సారు, ఐదు తరగతులు, అరవై నలుగురు. రెండో గదిలో జోషి సారు, పటం. ఒకే గదిలో ఐదు తరగతుల గోల మీద వినబడాలంటే ఎంత గొంతు కావాలో మీరే ఊహించుకోండి. ఆ గొంతునే నేను కాపాడదామనుకున్నది.

ఖాళీ గదిలో మాస్టరును ఒంటరిగా కూర్చోబెట్టడం బాగుండదని, రోజూ పొద్దున నేను వెళ్లి ఆయనకు ఎదురుగా కూర్చునేవాణ్ణి. ఆయన పటం మీద బెత్తం పెట్టేవారు, నేను చదివేవాణ్ణి.

"రాజన్నా, పరీక్షలెప్పుడే? పాసైతవా?" అని గంగారెడ్డి కిటికీలోంచి అడిగేవాడు.

ఐదు నెలలు చదివాను. రిజిస్టరులో ఒక్క పేరూ లేదని పై ఆఫీసు గమనించి, అక్టోబరులో జోషి సారును వెనక్కి పిలిపించింది. బస్సు ఎక్కుతూ ఆయన, ఒత్తులు ఇంకోసారి చూసుకోమని నాకు చెప్పారు.

ఆయన వెళ్లిన తొమ్మిదో రోజున చెరుకు బండ్లు వచ్చాయి.

పదో రోజున శేవంత బడి ముందు నిలబడింది. చేతిలో మా బడి పలక, నిరుడు వెళ్తూ పట్టుకెళ్లింది. దాని వెనక ఇంకో ఇరవై ఇద్దరు. మరాఠీ సారు వచ్చాడని ఇన్‌స్పెక్టరు వాళ్ల ఊరికి కబురు పంపించారట. అంతటి మంచి మనిషి.

నర్సింహులు సారు బయటికి వచ్చి వాళ్లను ఒక్కొక్కరినీ లెక్కపెట్టారు.

"రాజన్నా, నేను ఒక మాస్టర్ను అడిగిన. మీరు ఇరవై ముగ్గురు పిల్లలను తెచ్చిన్రు."

ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. ఆ నవ్వు వెంటనే దగ్గయింది. దగ్గు తగ్గాక, "వచ్చినోళ్లను ఎట్ల పొమ్మంటం?" అని తలుపు పూర్తిగా తీశారు. ఖాళీ గదిలో నేను నేర్చుకున్నంత మరాఠీ నేను చెప్పాను. శేవంత నా ఒత్తులు దిద్దేది.

నర్సింహులు సారు ఆ చలికాలం గడిపారు. తర్వాతి చలికాలం కూడా గడిపారు. మూడోదాంట్లో, బాట మీద బండ్లు నడుస్తుండగా, పోయారు. పదిహేను రోజుల్లో పై ఆఫీసు మాస్టరును పంపింది. మేం అన్నేళ్లు అడిగిన మాస్టరు వచ్చాడు. బడిలో మళ్లీ ఒక్క మాస్టరే అయ్యాడు.

సారు పోయిన రోజు పాడె మోసి వచ్చి, స్నానం చేసి, తడిబట్టలతోనే ఒట్టు పెట్టుకున్నాను: బతికినన్నాళ్లు ఏ కమిటీలోనూ తలలు లెక్కపెట్టను. ఆ మాట తప్పలేదు. ఇప్పటికీ ఏ సభలోనైనా ఎంతమంది వచ్చారో చూడమంటే కళ్లు సరిగా కనబడవని తప్పించుకుంటాను. కనబడతాయి. ఎప్పుడు చూసినా ఒకరు తక్కువగానే కనబడతారు.