చెట్టు మీది మంచు

ఈ రోజు మధ్యాహ్నం ఇంట్లో క్రిస్మస్ చెట్టు పెట్టాం. సర్వి కొమ్మను ఇసుక బకెట్లో నిలబెట్టి నేను చేనికి పోయాను. తిరిగొచ్చేసరికి ఐదో తరగతి చదివే మా రూతు కొమ్మల నిండా మంచులాగా పత్తి అంటించింది.

మాది రాజోలి దగ్గర ఊరు. సీడు పత్తి పండిస్తాం. మగ పువ్వుల పుప్పొడిని చేత్తో అద్ది క్రాసింగ్ చేసిన పత్తి, విత్తనాల కంపెనీకి పోతుంది. పుప్పొడి కోసం పెంచే మగ చెట్ల పత్తిని మామూలు పత్తిగా తక్కువ ధరకు అమ్ముకుంటాం. రెండూ కలిస్తే విత్తనం పరీక్షలో నిలబడదు, పంటంతా వాపసు వస్తుంది.

"ఏ సంచిలకెల్లి తీసినవ్ బిడ్డా?"

"మగ చెట్లదే నాయినా. మంచిది ముట్టొద్దన్నవ్ గద."

"మిగిలింది యాడ పెట్టినవ్?"

రూతు క్రాసింగ్ సంచి చూపించింది. "గిది నిండలేదని గిండ్ల కుక్కిన."

సంచి విప్పి చూశాం. అంతా ఒకే తెలుపు.

"పైన జరంత తీసెయ్. ఎవనికి తెలుస్తది?" అంది నా భార్య మెల్లగా.

"పరీక్షల తెలుస్తది" అన్నాను.

రెండు నెలలు పువ్వు పువ్వుకూ వంగి క్రాసింగ్ చేసింది ఆమే.

చివరికి ఆ సంచిని ఈడ్చి మగ చెట్ల పత్తి పక్కన పెట్టాను. రూతు ఏడుపు ఆపుకుంటూ చెట్టు మీది పత్తి పీకబోయింది.

"ఉండనియ్. ఇంగ ఈ సంచిలది గూడ ఎంత గావాల్నంటే అంత పెట్టుకో" అన్నాను.

ఈసారి మా ఇంట్లో మంచుకు కరువు లేదు. మీరు చెట్టుకు ఏం పెడుతున్నారో చెప్పండి.