నాము మొలిచిన చేను

మా తాలూకా అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. మార్కాపురానికి బండి మీద ఒక పూట ప్రయాణం మా ఊరు. ఆ ఏడాది ఉగాదికి పది రోజుల ముందు పెద్ద వాన పడింది. ఊరంతా సంబరపడింది. కాలు విరిగి మంచం మీదున్న మా నాయన ఒక్కడే మొహం ముడుచుకున్నాడు.

"జొన్న కొయ్యలు దున్నినావా, లేదా?" అని అడిగాడు.

దున్నలేదు. కోత అయి నెల దాటినా మొదళ్ళు చేలో అట్లాగే నిలబడి ఉన్నాయి. కోత కాగానే వాటిని దున్ని పారేయాలని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. వాన పడితే ఆ మొదళ్ళకు పిలకలు లేస్తాయి. వాటినే నాము అంటాం. పైన ఎండ కొట్టి అవి వాడుముఖం పట్టాయంటే, కాస్త మేసిన గొడ్డు కూడా విషమెక్కి చేను దాటకుండానే పడిపోతుంది.

నాయన మంచం పట్టాక సేద్యం నా చేతికొచ్చింది. ఇరవై రెండేళ్ళకే పెత్తనం తలకెక్కిన వెధవను. మార్కాపురం పలకలు బండికెత్తుకుని నలుగురితో కబుర్లాడుతూ దర్శికి తోలడం నాకు మహా సరదా. కొయ్యలు దున్నడంలో ఏం సరదా ఉంది? "రేపు దున్నుతాలే నాయనా" అని రోజూ అంటూ వచ్చాను.

వారానికల్లా చుట్టూ నేలంతా మళ్ళీ ఎండిపోతే, మా చేను ఒక్కటే పచ్చగా తయారైంది. ఆ పచ్చదనం చూస్తే భయం వేసేది. అయినా దున్నలేదు, చుట్టూ ముళ్ళకంప సర్ది ఊరుకున్నాను. అదీ సరిగ్గా చెయ్యలేదు. పడమటి వైపు గొడ్డు దూరేంత సందు వదిలేశాను.

ఆ పడమటి వైపే, చర్చి వెనకాల పల్లెలో, మా పొలానికి కూలికొచ్చే ఒకామె ఉండేది. మొగుడు ఎప్పుడో పోయాడు. కూతురు కాన్పులో పోతూ ఒక పసిగుడ్డును ఆమె చేతిలో పెట్టింది. ఆ బిడ్డ ప్రాణమంతా ఆమె ఆవు పొదుగులో ఉంది. ఆ ఎండలకు ఊళ్ళో పాడి ఉన్న ఇళ్ళు తక్కువ. మా బర్రె కూడా వట్టిపోయింది.

ఉగాది మర్నాడు పొద్దున్నే దర్శి బాడుగకు బయల్దేరాను. ఆ ఆవు మా చేని సందు దగ్గర నిలబడి లోపలికి మూతి పెడుతోంది. దిగి తోలాలి. ఆగితే తోటి బండ్లు ముందుకు పోతాయి. ఎవరో ఒకరు తోలుతార్లే అనుకుని ఎద్దుల్ని అదిలించాను.

మైలు దూరం పోయినా మనసు కుదుట పడలేదు. బండి తిప్పాను. వచ్చేసరికి ఆవు చేలో పక్కకు ఒరిగి ఉంది. పొట్ట ఉబ్బింది, నోట్లో నురగ, కాళ్ళు కొట్టుకుంటోంది. ఇంటికి పరిగెత్తి బెల్లం నీళ్ళు తెచ్చి వెదురుగొట్టంతో పోశాను. రెండో గొట్టం మింగలేదు. పశువుల డాక్టరు మార్కాపురంలో ఉంటాడు, ఎవరు పోతారు, ఎప్పుడు తెస్తారు? నా చేతుల్లోనే కళ్ళు తేలేసింది.

సాయంత్రం ఆమె మా ఇంటికి వస్తోందని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. తిట్టినా, మన్నెత్తి పోసినా పడాల్సిందే అనుకున్నాను. చంకలో బిడ్డ పాల కోసం గుక్కపట్టి ఏడుస్తోంది. ఆమె వాకిట్లోనే నిలబడింది.

"తప్పయిపోయింది నాయనా. పలుపు తెంపుకోని వచ్చి మీ చేలో పడింది. నేను కనిపెట్టుకోని ఉండాల్సింది. దాని కోసరం నువ్వు బండి తిప్పుకోని వచ్చి, బెల్లం నీళ్ళు పోసినావంట గదా. అందరూ చెప్పినారు. మా తప్పు మనసులో పెట్టుకోబాకు."

నాయన మంచం మీద నుంచి నా మొహంలోకే చూస్తున్నాడు. కొయ్యల సంగతీ, సందు సంగతీ, పొద్దున చూసి కూడా దిగకుండా పోయిన సంగతీ అన్నీ నోటిదాకా వచ్చాయి.

"పోనీలే అక్కా," అన్నాను.

ఆమె నాకు దండం పెట్టి, ఏడుస్తున్న బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని వెళ్ళిపోయింది.