కూర్చుని చెక్కిన తల్లి

మా కొండ గుహలో వానతల్లి ఎన్ని తరాలుగా మోకాళ్ల మీద కూర్చుని ఉండేదో ఎవరూ చెప్పలేరు. నల్లరాతి మనిషి. తలకి రెండు పక్కలా కుచ్చులు, రొమ్ము మధ్యలో గుంట. మే నెల శిలువ పండుగనాడు ఆ గుంటలో వేలి కణుపంత పచ్చరాయి పెడతాం. అది ఆమె గుండె. గుండె పెట్టాకే తిండి పెట్టి వాన అడుగుతాం. పండుగ అయిపోగానే దాన్ని తీసి, ఈ తంతు జరిపించే హిలారియా అవ్వ ఇంట్లో దాస్తాం.

పోయిన ఏడాది పట్నం నుంచి ఒక మ్యూజియం వాళ్లు వచ్చి వానతల్లిని లారీ ఎక్కించారు. రక్షణ కోసమట. ఎవరి నుంచి? ఇన్నాళ్లూ ఆమె నోటికి ముద్ద అందించిన చేతుల నుంచా? కాగితం మీద మాత్రం 'రొమ్ములో రాయి లేదు, పాత దొంగతనం' అని రాసుకున్నారు.

"నన్నే దొంగని చేశారన్నమాట," అంది హిలారియా అవ్వ, కాగితం చదివించుకుని. "చేసుకోనీ. అడిగుంటే చెప్పేదాన్ని కదా."

బదులుగా గుహలో పెట్టుకోవడానికి ఒక నకలు చేయిస్తామన్నారు. ఆ పని మా ఊరి ఫిదెన్సియోకే వచ్చింది. రోడ్డు పక్క పాకలో పర్యాటకుల కోసం రాతి కప్పలు, పుర్రెలు చెక్కుతాడతను. ఫోటోలు, కొలతలు ఇచ్చి పోయారు. నలభై రోజుల పని. వీపు చెక్కడానికి రాయిని పక్కకి పడుకోబెట్టేవాడు. ఆకలేస్తే దాని తుంటి మీదే కూర్చుని, చిక్కుడుగింజలు చుట్టిన రొట్టెలు తినేవాడు. బీరు సీసా కుచ్చుల మధ్య సరిగ్గా నిలబడేది.

పక్కింటి నిసెఫోరో అటుగా పోతూ ఆగాడు. "ఏం బావా, తల్లి మీద బాగానే కుదురుకున్నావే. కాస్త జరుగు, నేనూ కూర్చుంటా."

"తల్లి పట్నం పోయింది బావా. ఇది బండ."

ఏప్రిల్ చివర్లో హిలారియా అవ్వ పాకకి వచ్చింది. శాలువా కొంగు ముడి విప్పి పచ్చరాయి తీసింది. గుంటలో పెట్టి చూస్తే సగం బయటే ఉండిపోయింది.

"ఫోటో చూసి తవ్వావా? గుంట లోతు ఫోటోకేం తెలుసురా. ఇంకో మొక్కజొన్న గింజంత తవ్వు."

ఫిదెన్సియో ఉలి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "అవ్వా, ఇది నకలు. దీనికి గుండె పెడితే ఊరిని మోసం చేసినట్టు కాదా? వాన పడకపోతే అందరి చేలూ నావల్లే ఎండాయంటారు."

"అంటారు. నేనూ అంటాను. తవ్వు."

"అది కాదవ్వా." అతని గొంతు తగ్గింది. "నేను దీని మీద కూర్చుని తిన్నాను."

"మరి ఆ పాతదాన్ని చెక్కినవాడు నిలబడి తిన్నాడంటావా?"

ఆ పాతదాన్నీ ఒకడు చెక్కి ఉంటాడని, వాడికీ ఆకలేసి ఉంటుందని ఫిదెన్సియో ఎప్పుడూ అనుకోలేదు. వంగి, గింజంత తవ్వాడు. పచ్చరాయి టక్కున కూర్చుంది.

పండుగనాడు గుహలో ధూపం, బంతిపూల దండలు. మొన్న జరగమన్న నిసెఫోరోయే టోపీ తీసి, కోడికూర రాతి పెదవులకి రాశాడు. ఫిదెన్సియోకి మోకాలు వంచాలో వద్దో తెలియలేదు. ఎడమ చెవి దగ్గర తన ఉలి జారిన గీత కనిపించింది. అలవాటుకొద్దీ జేబులోంచి ఆకురాయి తీసి దిద్దబోయాడు. అవ్వ చేతి మీద ఒక్కటి వేసింది.

"గుండె ఉన్నదానికి గీకుడేంట్రా, నొప్పెట్టదూ?"

పదకొండో రోజున వాన పడింది. దాంతో అతని అయోమయం ఇంకా పెరిగింది. పట్నంలో, గాజు వెనక గుండె లేకుండా కూర్చున్న ఆమె పంపిందా? తను చెక్కిన ఈమె పంపిందా? వెళ్లి అవ్వనే అడిగాడు.

"నీ చేను తడిసిందా?"

"తడిసింది."

"అయితే పోయి విత్తుకో."

విత్తుకున్నాడు కానీ సంగతి తేలలేదు. ఇప్పుడు పాకలో ఏ రాయి పని జరుగుతున్నా, అది పర్యాటకుల కప్ప అయినా సరే, అతను రొట్టె చేత్తో పట్టుకుని నిలబడే తింటాడు. కాళ్లు నొప్పెట్టవా బావా అని నిసెఫోరో అడిగితే, "దేనికి ఎవరొచ్చి గుండె పెడతారో నాకేం తెలుసు," అంటాడు.