మేము బిడ్డను గుంటూరు పంపలేదు

డిసెంబరు మొదటి గురువారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఇది మొదలైంది. నరసరావుపేటలో స్కానింగ్ గదిలో నా కోడలు దీవెన బల్ల మీద పడుకుని ఉంది. ఐదో నెలలో బిడ్డ అవయవాలు సరిగా ఉన్నాయో లేదో చూసే అనామలీ స్కాన్. తోడుగా నన్ను లోపల ఉండనిచ్చారు. అప్పటిదాకా కబుర్లు చెబుతున్న డాక్టరు ఉన్నట్టుండి మాట ఆపేశారు. పొట్ట మీద ఒకే చోట మళ్ళీ మళ్ళీ చూశారు. తర్వాత దీవెన మొహం చూడకుండా నాతో అన్నారు: "ఉమ్మనీరు కనపడటం లేదమ్మా. గుంటూరు వెళ్ళి ఇంకోసారి చూపించండి. ఆలస్యం చేయొద్దు."

మర్నాడు మా అబ్బాయి రాజేష్ తను పనిచేసే షాపులో సెలవు పెట్టాడు. ముగ్గురం గుంటూరు వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ కలర్ డాప్లర్ కూడా చేసి, మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది.

"బైలాటరల్ రీనల్ ఎజెనెసిస్ అంటారు. రెండు కిడ్నీలూ అసలు ఏర్పడలేదు. ఈ నెలల్లో బిడ్డ యూరినే ఉమ్మనీరుగా ఉంటుంది. అది లేకపోతే లంగ్స్ పెరగవు."

"లోపల బిడ్డకు నొప్పిగా ఉందా మేడమ్?" అని దీవెన అడిగింది.

"లేదమ్మా. లోపల ఉన్నంతకాలం నీ ఒళ్ళే అన్నీ చూసుకుంటుంది. కష్టం పుట్టాకే."

"పుట్టాక ఎంతసేపు?"

"నిమిషాలు కావచ్చు. కొన్ని గంటలు కావచ్చు. అంతకు మించి ఆశ పెట్టలేను."

ప్రెగ్నెన్సీ ఆపేయాలనుకుంటే చట్టప్రకారం చేయవచ్చని, కొనసాగించాలనుకున్నా తానే చూస్తానని, ఏదైనా ఇంటికి వెళ్ళి ఆలోచించుకుని చెప్పమని అంది. వారం రోజులు మా ఇంట్లో టీవీ పెట్టలేదు. ఎనిమిదో రోజు పొద్దున చారు తిరగమోత వేస్తూ దీవెన చెప్పింది: "అత్తయ్యా, నేను మోస్తాను. ఎంతసేపు బతికితే అంతసేపు నా దగ్గరే ఉండాలి. ఇంకేం అడగను." రాజేష్ తల ఊపాడు. వేరే నిర్ణయం తీసుకున్న తల్లులూ నాకు తెలుసు. వాళ్ళదీ తప్పు కాదు. మా అమ్మాయి కోరింది మాత్రం ఇది.

ఆమె ఏం కోరిందో నాకు బాగా తెలుసు. రొంపిచెర్ల మండలంలో ఇరవై ఎనిమిదేళ్ళు అంగన్‌వాడీ టీచరుగా పనిచేశాను. బిడ్డ పుట్టగానే తేడాగా ఉందంటే మా వైపు జరిగేది ఒకటే. ఇంట్లోవాళ్ళు బిడ్డను తువ్వాలులో చుట్టుకుని గుంటూరు బయలుదేరతారు. తల్లి ఇక్కడే ఉండిపోతుంది. నయమయ్యే జబ్బయితే అలా పరుగెత్తాల్సిందే. కానీ నయం కాదని తెలిసిన బిడ్డనూ అలాగే తీసుకెళతారు. దారిలో ప్రాణం పోతే, తల్లి చూస్తే తట్టుకోలేదని అటునుంచి అటే పూడ్చి వస్తారు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. ఆ తల్లులు మాత్రం తర్వాత గుడ్ల కోసం సెంటరుకు వచ్చి నన్ను పక్కకు పిలిచేవాళ్ళు. "టీచరమ్మా, నువ్వు చూశావంట గదా. ఎట్టా ఉంది? జుట్టుందా?" అని అడిగేవాళ్ళు. అలా అడిగే తల్లిగా దీవెనను చూడదలచుకోలేదు.

పొట్ట కనపడటం మొదలయ్యాక బజారుకు వెళ్ళడం కష్టమైంది. "ఎన్నో నెల? కాన్పు ఎప్పుడు?" అని అందరూ ఆప్యాయంగానే అడుగుతారు. ఒకే జవాబు అనుకున్నాం: "బిడ్డకు బాగాలేదు. మాతోపాటు ప్రార్థన చేయండి." చానామంది చేశారు. చర్చిలో ఏళ్ళ తరబడి నా పక్కనే కూర్చునే మేరమ్మ మాత్రం ఉపవాసాలు పెట్టించి, ప్రతి ఆదివారం దీవెనను పట్టుకునేది.

"ఏమే అమ్మాయ్, ఇంకో స్కాన్ తీయించుకోవే. కిడ్నీలు వచ్చుంటాయి. అందరి ముందూ సాక్ష్యం చెబుదువుగాని."

"ప్రార్థన చెయ్ మేరమ్మా. స్కాన్ అడగబాక. మా పిల్ల పరీక్ష రాయడానికి రాలా ఇక్కడికి" అన్నాను. ఆ రోజు నుంచి మేరమ్మ వేరే వరుసలో కూర్చుంటోంది.

ఏడో నెల దాటాక దీవెనకు కాళ్ళు వాచి బీపీ పెరిగింది. మాత్రలు మొదలుపెట్టారు. ఆమె పాఠాలు చెప్పే స్కూలువాళ్ళు అన్నాళ్ళు సెలవు ఇవ్వలేమన్నారు, ఆ ఉద్యోగం పోయింది. గుంటూరు ప్రయాణాలు తగ్గించమన్నారు. దాంతో కాన్పు నరసరావుపేటలోనే అనుకుని ఒక నర్సింగ్ హోముకు వెళ్ళాం. అక్కడి పెద్ద డాక్టరు ఫైలు మూసి, "కాన్పు చేస్తాం. బిడ్డ పుట్టగానే గుంటూరు రిఫర్ రాస్తాం. మా పద్ధతి అంతే" అన్నారు. నేను కుర్చీలోంచి లేవలేదు. గుంటూరు డాక్టరమ్మకు ఫోన్ కలిపి ఆయన చేతికిచ్చాను. చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. కంఫర్ట్ కేర్ అన్న మాట రెండుమూడు సార్లు వినపడింది. ట్యూబు, వెంటిలేటర్ పెట్టకుండా, బిడ్డను వెచ్చగా తల్లి గుండెల మీద ఉంచి, ఆయాసపడితే మందు ఇచ్చి, ఇబ్బంది లేకుండా చూసుకోవడం. ఆయన ఒప్పుకుని ఒక మాట అన్నారు: "ఆ టైములో మీ ఇంట్లోవాళ్ళు ఒక్కరు గొడవపడినా మా స్టాఫ్ నిలబడలేరు. ఇంటిల్లిపాదీ ఒక మాట మీద ఉండాలి."

ఒక మాట మీద లేనిది దీవెన తల్లి మార్తమ్మ. ఎడ్లపాడు నుంచి వారానికోసారి వచ్చేది. కూతురికి వండిపెట్టేది, తల దువ్వేది, బిడ్డ ఊసెత్తితే లేచి వెళ్ళిపోయేది. నాతో మాత్రం తెగేసి చెప్పింది.

"చూస్తా చూస్తా వదిలేత్తారా వదినా? నా తమ్ముడి కారు మాట్లాడిపెట్టా. పుట్టగానే గుంటూరు పోతాం. అది బిడ్డ మొహం చూసిందంటే ఇంక మనిషి కాదు. మీకు తెలవదు."

"అది అడిగింది ఒకటే గదా వదినా."

"చిన్నపిల్ల. అడుగుద్ది."

నేను నాలుగుసార్లు చెప్పి చూశాను. నాలుగుసార్లూ ఆమె వంటింట్లోకి వెళ్ళింది.

ఏప్రిల్ మొదటి వారంలో, ఇంకా నెలలు నిండకుండానే, తెల్లవారుతుంటే నొప్పులు వచ్చాయి. మధ్యాహ్నం పన్నెండుకు ఐదు నిమిషాల ముందు కాన్పయింది. మగబిడ్డ. పిల్లికూన అరిచినట్టు ఒక్కసారి ఏడ్చాడు. నర్సమ్మాయి అలవాటు కొద్దీ బిడ్డను గుడ్డలో చుట్టుకుని తలుపు దాకా వచ్చేసింది. అక్కడ మార్తమ్మ చేతులు చాచి నిలబడి ఉంది. కింద ఆమె తమ్ముడు కారు స్టార్ట్ చేసి ఉంచాడు.

"ఇటియ్యమ్మా. అమ్మాయికి చూపించబాక."

నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను. "వదినా, ముందు దానికి చూపించు. తర్వాత నన్ను ఎన్నైనా తిట్టు."

"జరుగు వదినా! ఊపిరాడతంది వాడికి!"

"ఆడినంతసేపూ దాని దగ్గర ఆడనియ్యి."

నర్సు ఎవరికివ్వాలో తెలియక మా ఇద్దరి మధ్యా నిలబడిపోయింది. చివరికి ఆమె చేతుల్లోంచి బిడ్డను మార్తమ్మే లాక్కుంది. అప్పుడే లోపలి నుంచి దీవెన గొంతు వచ్చింది. అరవలేదు. "అమ్మా, నా బిడ్డను నాకియ్యి" అంది.

మార్తమ్మ ఒక్క అడుగు వేసి ఆగింది. తర్వాత వెనక్కి తిరిగి, లోపలికి వెళ్ళి, బిడ్డను కూతురి గుండెల మీద పెట్టింది.

రాజేష్ వచ్చాడు. బిడ్డకు కృప అని పేరు పెట్టుకున్నారు. వేళ్ళు, గోళ్ళు అన్నీ ఉన్నాయి. జుట్టుంది. చెవులు కాస్త కిందికి ఉన్నాయి, ముక్కు అణిగి ఉంది. "ముక్కు ఎవరిదమ్మా?" అని దీవెన అడిగింది.

"ఇంకెవరిది, మీ అత్తదే. చప్పిడి ముక్కు" అంది మార్తమ్మ. దీవెన నవ్వింది. ఆ గదిలో ఆ రోజు నవ్వొకటి వినపడుతుందని నేను అనుకోలేదు.

బిడ్డకు ఆయాసం వచ్చినప్పుడు డాక్టరు నాలుక కింద చుక్కల మందు వేశారు. శాంతించాడు. రాజేష్ ఎత్తుకున్నాడు, నేను ఎత్తుకున్నాను, మళ్ళీ దీవెనకిచ్చాం. మార్తమ్మ మంచం పట్టీ మీద కూర్చుని వాడి చెవి వేలితో తాకుతూ ఉంది. "నాకు దీవెన కంటే ముందొకటి పుట్టింది వదినా" అంది, నా వైపు చూడకుండా. "చీరాల ఆసుపత్రిలో. మా అత్త తీసకపోయింది. దాని చెవులు ఎట్టా ఉన్నాయో నేను చూడలా." దీవెనకు ఆ సంగతి తెలియడం అదే మొదటిసారి. బిడ్డను తీసి తల్లి ఒళ్ళో పెట్టింది. కాసేపటికి మళ్ళీ తను తీసుకుంది. ఒంటిగంటా ముప్పై ఐదుకు, దీవెన చేతుల్లోనే, ఊపిరి ఆగిపోయింది.

మూడో రోజు దీవెనకు పాలు పడి రొమ్ములు రాయిలా గట్టిపడ్డాయి. ఈ సంగతి మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. బీపీ ఉంది కాబట్టి పాలు ఆపే మాత్ర వద్దన్నారు. చన్నీళ్ళ గుడ్డలు, పారాసెటమాల్, బిగుతైన లోదుస్తులతో గడిపాం. పాలు తగ్గుతాయని మార్తమ్మ మూరలకొద్దీ మల్లెపూలు తెచ్చి రొమ్ములకు కట్టింది. పది రోజులు పట్టింది.

ఇది జరిగి ఏడాది దాటింది. దీవెన ఇప్పుడు వేరే స్కూల్లో పాఠాలు చెబుతోంది. బీపీ మామూలుకు వచ్చింది. ఎంతమంది పిల్లలని ఎవరైనా అడిగితే, "ఒకడు, లేడు" అని చెబుతుంది. ఇలాంటి రిపోర్టు వచ్చిన కుటుంబాలు ఒప్పుకుంటే గుంటూరు డాక్టరమ్మ మా నంబరు ఇస్తోంది. మాచర్ల వైపు ఒక ఇంటికి, గురజాలలో ఒక ఇంటికి వెళ్ళి వచ్చాం. నాతో బస్సులో వచ్చేది మార్తమ్మే. కిటికీ సీటు కోసం ఇద్దరం పోట్లాడుకుంటాం.

వెళ్ళిన చోట ఒకటే చెబుతాం. డాక్టరును ఒప్పించడంతో పని అయిపోదు. బిడ్డను చూడనివ్వకూడదని, ఎలాగైనా తీసుకుపోవాలని మీ ఇంట్లో ప్రేమకొద్దీ పట్టుబట్టే మనిషి ఎవరో కనుక్కోండి. కాన్పు నెల రాకముందే ఆ మనిషిని డాక్టరు దగ్గరకు వెంటబెట్టుకెళ్ళండి. డాక్టరు మాట వాళ్ళ చెవులతో వాళ్ళనే విననివ్వండి. నేను చెబితే వినని మార్తమ్మను నేను అలా తీసుకెళ్ళలేదు.

మాకు పోయినవి: ఒక మగబిడ్డ, కిలో తొమ్మిది వందల గ్రాములు. దీవెనకు పాత స్కూల్లో ఉద్యోగం. రాజేష్‌కు రెండు నెలల జీతం. నాకు మేరమ్మ స్నేహం. కృప బతికిన గంటా నలభై నిమిషాల్లో, తలుపు దగ్గర నేనూ మార్తమ్మా వాదించుకున్న నాలుగు నిమిషాలు.