ఎవరూ ఏమీ అడగని ఇల్లు

హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు అక్కడే హాస్టల్‌లో ఉండమన్నారు అందరూ. నాకేమో మా నెక్కొండకు మరీ దూరం కావాలనిపించలేదు. కానీ ఆఫీసు వేళకు అందించే రైలు మా ఊళ్లో ఆగదు. అందుకని కాజీపేట స్టేషన్‌కు దగ్గర్లో ఎక్కడన్నా అద్దెకుండి, రోజూ పోయి రావాలనుకున్నాను.

ఇల్లు వెతకడానికి అమ్మ నాతో వచ్చింది. ముందు హసన్‌పర్తిలో ఒక గది చూశాం. ఇంటావిడ చాయ్ ఇచ్చి, నేను గ్లాసు దించేలోపే పెళ్లెందుకు కాలేదని అడిగింది. అమ్మకు ఆ ఇల్లు తెగ నచ్చింది. నాకు ఊపిరాడలేదు.

తర్వాత మడికొండలో కొత్త అపార్ట్‌మెంట్. ఓనర్ ఫోన్‌లోనే మాట్లాడి, తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుందన్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు.

"ఇదే తీసుకుంట," అన్నాను.

అమ్మ బాల్కనీలోకి పోయి కిందికీ పైకీ చూసింది. "ఈడ మనుషులే కనిపిస్తలేరు గదా బిడ్డా."

"మనుషులతోని నాకేం పనమ్మా? పొద్దున పోత, చీకటైనంక వస్త."

అన్నట్టే జరిగింది. తెల్లారకముందే మెట్లు దిగేదాన్ని. రైల్లో నిద్ర, ఆఫీసు, మళ్లీ రైల్లో నిద్ర. ఆదివారాలు బట్టలు ఉతకడంతోనే సరిపోయేవి. కొన్నాళ్లకు, గిన్నెలు తోముతూ పైకే మాట్లాడుకుంటున్నానని నాకే తెలిసింది.

చలికాలం పోయేముందు ఒకనాడు జ్వరమొచ్చి ఇంట్లో ఉండిపోయాను. మధ్యాహ్నం తలుపు సందులోంచి మిరపకాయల ఘాటు వచ్చి దగ్గు ఆగలేదు. తీసి చూస్తే, వరండాలో నా గుమ్మం ముందు ఎండలో మిరపకాయలు పోసుకుని ఒక పెద్దామె తొడిమలు తీస్తోంది. నన్ను చూసి ఉలిక్కిపడింది.

"అయ్యో, ఈడ ఎవలన్న ఉంటాన్రా? ఖాళీ అనుకున్న బిడ్డా!"

"వానకాలం నుంచి ఉంటున్నమ్మా."

"ఒక్కనాడన్న చప్పుడు కాలేదు గదా!"

ఆమె గబగబా కాయలు గుడ్డలోకి ఎత్తబోతుంటే, "ఉండనియ్యుండ్రి, పోకుండ్రి," అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది.

ఎదురు ఫ్లాటే ఆమెది. కొడుకూ కోడలూ ఆఫీసులకు పోతే పొద్దంతా ఒక్కతే. నేనూ గడపలో కూర్చుని తొడిమలు తీశాను. ఆమె అన్నీ అడిగింది, ఊరు, అమ్మ, పెళ్లి. అన్నిటికీ విప్పి జవాబు చెప్పాను. వేళ్లు మండుతున్నా లేవబుద్ధి కాలేదు. సాయంత్రం వేడివేడిగా జావ తెచ్చిచ్చింది.

ఆ తర్వాత ఆదివారాలు ఆమె తలుపు తట్టేదాన్ని. నాలుగైదు సార్లు తట్టానో లేదో, కొడుక్కి హైదరాబాద్‌కు బదిలీ అయింది. అక్కడ అతని ఆఫీసు పక్కనే ఇల్లు దొరికిందట. సామాను కిందికి దిగిపోయాక ఆమె లిఫ్టు దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు గూడ ఆడికే రారాదు బిడ్డా? ఈడ ఒక్కదానివి ఏం జేస్తవు?"

"చూస్త అమ్మా," అన్నాను.

లిఫ్టు కిందికి పోయింది. నేను లోపలికొచ్చి మర్నాటికి బట్టలు ఇస్త్రీ చేసుకున్నాను.